కుక్కపిల్ల బొడ్డు హెర్నియా: ఆగడమా, వెంటనే ఆపరేషనా, స్టెరిలైజేషన్‌తో కలిపి చేయించడమా?

కుక్కపిల్ల పొట్ట మీద, బొడ్డు ఉండే చోట మెత్తని బుడిపె (బొడ్డు హెర్నియా) కనిపిస్తే యజమానికి మూడు దారులుంటాయి: అది దానంతటదే మూసుకుపోతుందని ఆగడం, వెంటనే ఆపరేషన్ చేయించడం, లేదా స్టెరిలైజేషన్ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) సమయం వచ్చేదాకా ఉండి రెండింటినీ ఒకే మత్తులో ముగించడం. ఇంట్లోవాళ్లు బుడిపె ఎంత పెద్దదో చూసి కంగారు పడతారు గాని, నిర్ణయం ఆధారపడేది దాని అడుగున పొట్ట గోడలో మిగిలిపోయిన రంధ్రం మీద.

పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి బుడిపెను మెల్లగా నొక్కితే, లోపలి కొవ్వు వెనక్కి జారి, రంధ్రం అంచు గట్టి ఉంగరంలా వేలికి తగులుతుంది. వేలి కొన కూడా దూరనంత చిన్నదైతే ఆగడమే మేలు, ఎందుకంటే అందులోంచి వచ్చేది సాధారణంగా కొవ్వే, పైగా అలాంటివి 6 నెలల వయసులోపు మూసుకుపోయే అవకాశం ఉంది. ఒక్కోసారి రంధ్రం మూసుకున్నా కాస్త కొవ్వు బయటే చిక్కుకుపోయి, నొక్కినా లోపలికి పోని చిన్న గడ్డగా మిగులుతుంది. నొప్పి లేకుండా, పెరగకుండా ఉన్నంతకాలం దానికి తొందరపడనక్కరలేదు. రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ బిగించడం మాత్రం వద్దు. దానివల్ల రంధ్రం మూసుకోదు సరికదా, కట్టు కింద చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది.

వేలు దూరేంత రంధ్రం సంగతి వేరు. పేగు అందులోకి జారి ఇరుక్కుంటే రక్తప్రసరణ ఆగి ఆ భాగం చచ్చుబడుతుంది. విచిత్రమేమిటంటే, బాగా పెద్ద రంధ్రంలో పేగు వచ్చిపోతూ ఉండవచ్చు గాని, పేగు దూరేంత ఉండి తిరిగి వెళ్లలేనంత ఇరుకైనదే ఎక్కువ ప్రమాదకరం. బుడిపె హఠాత్తుగా గట్టిపడి, వేడెక్కి, ముట్టుకుంటే పిల్ల అరుస్తూ, వాంతులు చేసుకుంటూ తిండి మానేసిందంటే ఇక ఏది మేలన్న చర్చే లేదు, ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఈ రెంటికీ మధ్యనున్న, నొక్కితే లోపలికి పోయే హెర్నియాలకు కలిపి చేయించడమే నా దృష్టిలో మంచి దారి. ఆడ కుక్కకు స్టెరిలైజేషన్ కోత కూడా సాధారణంగా పొట్ట మధ్య గీత మీదే పడుతుంది కాబట్టి చాలాసార్లు అదే కోతను కాస్త పొడిగిస్తే సరిపోతుంది; మగ కుక్కకు వృషణాల కోత వేరుగా ఉన్నా, మత్తు ఒక్కసారే ఇవ్వాలి, కోలుకునే కాలమూ ఒక్కటే. సర్జన్ కొవ్వును లోపలికి నెట్టి, పొట్ట గోడ అంచులను పాలీడయాక్సనోన్ వంటి నెమ్మదిగా కరిగే దారంతో కుడతారు. బాగా పెద్ద రంధ్రాలకే మెష్ (వలలాంటి అతుకు) అవసరమవుతుంది. ఆ తరువాత 10 నుంచి 14 రోజులు కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్, గెంతకుండా గొలుసు తప్పవు. అయితే లాబ్రడార్ వంటి పెద్ద జాతుల్లో స్టెరిలైజేషన్‌ను ఏడాది దాటేదాకా వాయిదా వేయమనే వైద్యులున్నారు. అలాంటప్పుడు పేగు దూరేంత రంధ్రాన్ని అన్నాళ్లు వదిలేయకుండా, దాన్ని విడిగా ముందే కుట్టించడం మంచిది.

ఈ లోపం చాలావరకు వంశపారంపర్యం, ఎయిర్‌డేల్, పెకినీస్ వంటి జాతుల్లో ఎక్కువ. అందుచేత ఇలాంటి కుక్కలను ఈనించకూడదు. మగపిల్లల్లో దీనితోపాటు వృషణం కిందికి దిగకపోవడమూ కనిపిస్తుంది కనుక అదీ చూడమని అడగాలి. లోపలే ఉండిపోయిన వృషణాన్ని ఎలాగూ తీయించాల్సిందే కాబట్టి, అప్పుడు రెండూ కలిపి చేయించడానికి మరింత కారణం దొరుకుతుంది.