జూమా, ప్రైమా? 200-500, 500 పీఎఫ్ రెండూ వాడాక

"అన్నా, నా జూమ్ అమ్మేసి ప్రైమ్ తీసుకోనా?" పక్షుల వెంట కెమెరా పట్టుకు తిరిగే కుర్రాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. జూమ్ అంటే దృశ్యాన్ని దగ్గరికీ దూరానికీ మార్చుకోగల లెన్స్, ప్రైమ్ అంటే అలా మార్చలేనిది. ఎదురు నేనొకటి అడుగుతాను: "ఎక్కువగా సఫారీ జిప్సీలో కూర్చుని తీస్తావా, చెరువు గట్ల మీద నడుస్తూ తీస్తావా?" చాలామంది ఈ ప్రశ్న ఊహించరు. ఏది షార్ప్‌గా ఉంటుందో చెబుతానని వస్తారు.

నా దగ్గర నికాన్ 200-500 ఎఫ్ 5.6, 500 ఎఫ్ 5.6 పీఎఫ్ రెండూ ఉన్నాయి. 200, 500 అనేవి మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ పిట్ట దగ్గరగా కనిపిస్తుంది. జూమ్ 2015లో వచ్చింది, ప్రైమ్ 2018లో. నికాన్ డీ500 కెమెరా బాడీ మీద ఏళ్ళ తరబడి వాడాను కాబట్టి ఈ మాటలన్నీ ఆ జంట గురించే. క్యానన్, సోనీ వాడేవాళ్ళకు లెన్స్ పేర్లు మారతాయి గానీ లెక్క దాదాపు ఇదే.

ప్రైమ్ అంటే ఎక్కువ వెలుతురు తీసుకుంటుందని ఒక నమ్మకం ఉంది. ఇక్కడ అది వర్తించదు. రెండిటిదీ ఎఫ్ 5.6 ఎపర్చరే, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం ఒకటే. సాయంత్రం వెలుతురు తగ్గాక రెండు లెన్సులకూ ఒకే ఐఎస్ఓ (కెమెరా వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) పెట్టుకోవాలి. నిజంగా వెలుతురు కావాలంటే 500 ఎఫ్ 4, 600 ఎఫ్ 4 వైపు వెళ్ళాలి. ఎఫ్ 5.6 దగ్గర ఐఎస్ఓ 6400 అడిగే చోట అవి 3200తో సరిపెడతాయి. కాకపోతే నికాన్ 500 ఎఫ్ 4 బరువు మూడు కిలోల పైన, 600 ఎఫ్ 4 బరువు 3.8 కిలోలు. ధరలో కారు వస్తుంది. మనలో ఎక్కువమందికి అది ఇంట్లో మాట్లాడదగ్గ విషయం కాదు.

అసలు తేడా బరువులో ఉంది. జూమ్ 2.3 కిలోలు, పీఎఫ్ 1.46 కిలోలు. పీఎఫ్ అంటే ఫేజ్ ఫ్రెనెల్. ముందువైపు ఒక ప్రత్యేకమైన గాజు పలక వాడి లెన్స్‌ను పొట్టిగా, తేలిగ్గా చేశారు. 840 గ్రాముల తేడా కాగితం మీద చిన్నదిగానే కనిపిస్తుంది. అమీన్‌పూర్ చెరువు చుట్టూ పొద్దున్నే రెండు గంటలు నడిచి, ఎగిరే పిట్ట కోసం కెమెరా పదే పదే కంటి దగ్గరకు ఎత్తితే అసలు సంగతి భుజానికి తెలుస్తుంది. జూమ్ పట్టుకుంటే గంట గడిచాక పిట్ట లేచినా చేయి లేవదు. మోనోపాడ్ (ఒంటి కాలి స్టాండ్) వేస్తే భుజానికి సుఖమే, కానీ తల మీదుగా వెళ్ళే పక్షిని తీయడం కష్టం. పీఎఫ్ వచ్చాక నేను మోనోపాడ్ తీసుకెళ్ళడమే మానేశాను. నాకు మంచి ఫ్లైట్ షాట్లు పెరగడానికి షార్ప్‌నెస్ కన్నా ఇదే పెద్ద కారణం.

ఫోకస్ వేగంలో కూడా ప్రైమ్‌దే పైచేయి. నలుపు తెలుపు లకుముకి పిట్ట నీటి మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. అప్పుడు ఏ లెన్సయినా పట్టేస్తుంది. అది తలకిందులుగా దూకిన క్షణంలో తేడా బయటపడుతుంది. జూమ్ ఒకసారి ఫోకస్ తప్పిందంటే వెనక రెల్లు గడ్డి దాకా వెళ్ళి తీరిగ్గా తిరిగొస్తుంది. గాలిలోనే పురుగులను పట్టే బీ ఈటర్ పిట్టలను తీసేవాళ్ళకు ఈ బాధ ఇంకా బాగా తెలుసు.

షార్ప్‌నెస్ సంగతికొస్తే, జూమ్ 500 దగ్గర కొంచెం మెత్తబడుతుంది. ఎపర్చర్‌ను ఎఫ్ 8కి చిన్నది చేస్తే సర్దుకుంటుంది. పీఎఫ్ ఎఫ్ 5.6 దగ్గరే పదునుగా ఉంటుంది, గట్టిగా క్రాప్ చేసినా ఈక విడిగా తెలుస్తుంది. ఫొటో ఫోన్‌లో మాత్రమే చూసేవాళ్ళకు ఈ తేడా కనపడదు. ఇంకో మాట. పులికాట్‌లో పొద్దెక్కాక రాజహంసలను తీసి లెన్స్ మెత్తగా ఉందని బెంగపడేవాళ్ళను చూశాను. ఎండకు నేల వేడెక్కితే దాని మీది గాలి అలలా కదులుతుంది. అంత దూరం నుంచి తీస్తే ఎన్ని లక్షల లెన్సయినా అదే ముద్ద బొమ్మ ఇస్తుంది. ఎండ ముదరకముందే వెళ్ళాలి, వీలైతే దగ్గరగా తీయాలి.

ఇన్ని చెప్పాక జూమ్ ఎందుకు అమ్మలేదంటే, మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవి వల్ల. జిప్సీలో కూర్చున్నాక దూరం మన చేతిలో ఉండదు. బండి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే తీయాలి, దిగడానికి లేదు. పులి దారి మీదకు వచ్చి జిప్సీకి ఎదురుగా నడుస్తుంటే, ముందు 500లో నిండుగా కనిపిస్తుంది, కాసేపటికి ముఖం మాత్రమే పడుతుంది. డీ500 సెన్సర్ చిన్నది కాబట్టి 500 లెన్స్ 750 లాగా చూస్తుంది. అక్కడ ప్రైమ్ ఉన్నవాళ్ళకు పులి కన్నూ మీసమూ మిగులుతాయి. జూమ్ ఉన్నవాళ్ళకు పులితోపాటు వెదురు పొదలూ, దారీ, అడవీ వస్తాయి. నాకు ఆ రెండో రకం ఫొటోలే ఎక్కువ ఇష్టం. రెండో బాడీకి 70-200 తగిలించుకోవడం ఇంకో మార్గం. ఆ దుమ్ములో లెన్సులు మార్చే పని మాత్రం పెట్టుకోకండి.

కొల్లేరు ఆటపాకలో కూడా నాకు జూమే పనికొచ్చింది. అక్కడి గూడబాతులు పడవకు బాగా దగ్గరగా ఎగురుతాయి. అంత పెద్ద రెక్కలు విప్పితే 500లో ఒక కొస తెగిపోతుంది. 300 దగ్గర పక్షి మొత్తం పడుతుంది. నేలపట్టులో వాచ్ టవర్ మీద నుంచి వాటి గూళ్ళు తీస్తే మళ్ళీ 500 కూడా చాలదనిపిస్తుంది. ఒకే పక్షికి రెండు చోట్ల రెండు లెక్కలు.

జూమ్‌తో చిరాకులూ ఉన్నాయి. రింగ్ ఒక్క తిప్పులో 200 నుంచి 500కి చేరదు, మధ్యలో చేయి మార్చుకోవాలి. ఈలోపు దుప్పి గంతేసి పోతుంది. జూమ్ చేస్తే గొట్టం బయటకు సాగుతుంది కాబట్టి ఎండాకాలం సఫారీ తర్వాత ముందు ఆ గొట్టాన్ని తుడవాలి. లోపల నాలుగు నలుసులు చేరినా ఫొటోలో కనపడవు, టెన్షన్ పడక్కర్లేదు.

పీఎఫ్‌కూ ఒక లోపం ఉంది. ఎదురుగా గట్టి వెలుగు ఉంటే రంగు వలయాల్లాంటి ఫ్లేర్ వస్తుంది. నికానే తన సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తగ్గించే ఆప్షన్ ఇచ్చింది. సూర్యుడికి ఎదురుగా, మెరిసే నీటి మీద సిల్హౌట్లు (నల్లటి నీడ బొమ్మలు) ఇష్టపడేవాళ్ళు ముందే చూసుకోవాలి. పైగా మూడు మీటర్ల కన్నా దగ్గరగా ఫోకస్ కాదు, జూమ్ 2.2 మీటర్ల దాకా వస్తుంది. సీతాకోకచిలుకలు, తొండలు తీసేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

ధరలో తేడా చాలా ఎక్కువ. వచ్చిన కొత్తలో అమెరికాలో జూమ్ 1,400 డాలర్ల లోపు, పీఎఫ్ 3,600 డాలర్లు. మొదటి లెన్స్ కొనేవాళ్ళకు నేను జూమే చెబుతాను. కొన్నాళ్ళు వాడాక మీ ఫొటోల వివరాల్లో ఫోకల్ లెంగ్త్ చూడండి. దాదాపు అన్నీ 500 దగ్గరే ఉంటే మీరు ప్రైమ్ మనిషి. నావి చెరువుల దగ్గర తీసినవి అలాగే ఉన్నాయి, సఫారీలవి 200 నుంచి 500 దాకా చెదిరి ఉన్నాయి.

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా కొత్తగా కొనేవాళ్ళకు 2023లో వచ్చిన నికాన్ జెడ్ 180-600 ఉంది. జూమ్ చేసినా సాగదు, రింగ్ కొద్దిగా తిప్పితే చాలు. 200-500 మీద నాకున్న ఫిర్యాదుల్లో రెండు దాంతో పోతాయి, బరువు మాత్రం రెండు కిలోల దగ్గరే. నావి రెండూ పాత లెన్సులను తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ జెడ్ బాడీ మీద పనిచేస్తాయి కాబట్టి నేను తొందరపడటం లేదు. మీరు సెకండ్ హ్యాండ్‌లో 200-500 చూస్తుంటే, లెన్స్‌ను కిందికి వంచి గొట్టం దానంతటదే జారుతోందా చూడండి. తర్వాత 500 దగ్గర దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలను ఎఫ్ 5.6లో ఒకటి, ఎఫ్ 8లో ఒకటి తీసి, పక్కపక్కన పెట్టి చూశాకే బేరం మొదలుపెట్టండి.