విటమిన్ డి3 కాప్సూల్స్ మూడు నెలలు వాడా: విటమిన్‌గా ఓకే, షుగర్ కథ మాత్రం ఉత్తదే (5కి 3 స్టార్లు)

డబ్బా మీద పెద్ద పెద్ద అక్షరాలతో "పేగుల్లో షుగర్ పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది" అని వేశారు, నిజం చెప్తున్నా, అది చూసే కొన్నా. నాకు షుగర్ బోర్డర్‌లో ఉంది, విటమిన్ డి చూస్తే 14 వచ్చింది (20 కంటే తక్కువైతే లోపం కిందే లెక్క), డాక్టరేమో రోజుకి 2000 యూనిట్లు వేస్కోమన్నారు, సరే స్వామికార్యం స్వకార్యం రెండూ అయిపోతాయి కదా అనుకున్నా.

ముందు మంచి చెప్తా. కాప్సూల్ చిన్నది, గొంతులో ఇరుక్కోదు, వాసన లేదు. వెనక 50 మైక్రోగ్రాములని ఉంది, ఒక మైక్రోగ్రాముకి 40 యూనిట్లు, లెక్క సరిగ్గా 2000. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి భోజనం అయ్యాకే వేస్కున్నా, ఈ ఒక్క ముక్క డబ్బా మీద రాసుంటే ఎంత బాగుండేది, రాయలేదు. సగం డబ్బా అయ్యేసరికి కాప్సూల్స్ ఒకదానికొకటి అంటుకుపోయి గోరుతో విడదీయాల్సొచ్చింది, అదో చికాకు. మూడు నెలలకి టెస్ట్ చేయిస్తే 14 కాస్తా 33 అయింది. సూపర్.

ఇక షుగర్. హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్) అప్పుడు 6.1, ఇప్పుడు 6.0. దీన్ని తగ్గడం అనరు, టెస్ట్‌కీ టెస్ట్‌కీ అటూఇటూ అయ్యే తేడా అంతే. కస్టమర్ కేర్‌కి రాస్తే "విటమిన్ డి పేగు కణాల్లో పనిచేస్తుందండి, సైన్స్ ఉంది" అని రిప్లై. అబద్ధం కాదు, కిటుకంతా అక్కడే ఉంది.

పేగు కణంలో విటమిన్ డి చూసేది ముఖ్యంగా కాల్షియం వ్యవహారం. లివర్‌లో ఒకసారి కిడ్నీలో ఇంకోసారి మారి హార్మోన్ అయ్యాక, కాల్షియం లోపలికొచ్చే గేట్లు, దాన్ని అవతలి ఒడ్డుకి మోసే ప్రోటీన్లు ఎక్కువ తయారయ్యేలా చేస్తుంది. గ్లూకోజ్ దారి వేరు, దానికి ఎస్‌జిఎల్‌టి1 అనే గేటు, ఒక్కో గ్లూకోజ్ రెండు సోడియంలని వెంటేసుకుని దూరుతుంది, అటువైపు గ్లుట్2 అనే ఇంకో గేటు గుండా రక్తంలోకి దిగిపోతుంది. విరేచనాలప్పుడు ఇచ్చే ఓఆర్‌ఎస్‌లో ఉప్పుతో పాటు గ్లూకోజ్ ఉండేది ఈ జోడీ కోసమే, ఆ రెండూ లోపలికెళ్తే నీళ్లూ వెనకే వెళ్తాయి. డి3 వేస్కుంటే మనుషుల్లో ఈ గేటు మూసుకుంటుందని ఎవరూ తేల్చింది లేదు. అసలు గ్లూకోజ్ గట్టిగా పేగులోనే ఆగిపోతే ఆ సంగతి గ్లూకోమీటర్ కంటే ముందు బాత్రూమ్‌కి తెలుస్తుంది, ఎస్‌జిఎల్‌టి1 పనిచేయకుండా పుట్టిన పిల్లలకి పాలు పట్టిన మొదటి రోజుల్నుంచే భయంకరమైన విరేచనాలు అందుకే.

అలాగని డికీ షుగర్‌కీ సంబంధమే లేదనట్లేదు, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో కూడా దాన్ని పట్టుకునే రిసెప్టర్లున్నాయి. ఆ ఆశతోనే ప్రీడయాబెటిస్ (అంటే నాలా షుగర్ బోర్డర్‌లో) ఉన్న 2423 మందితో డి2డి అని పెద్ద ట్రయల్ చేశారు, సగం మందికి రోజుకి 4000 యూనిట్ల డి3, మిగతావాళ్లకి ఉత్త మాత్ర, దాదాపు రెండున్నరేళ్లు చూశారు. 2019లో రిజల్ట్ వచ్చింది, డయాబెటిస్ రావడంలో గట్టిగా చెప్పుకునేంత తేడా లేదు. వీళ్ల డబ్బా మీద ఆ ఊసే లేదు.

నాకు ఒళ్లు మండింది మాత్రం కస్టమర్ కేర్ రెండో రిప్లైకి. "రిజల్ట్ కనపడకపోతే రోజుకి మూడు వేస్కోండి" అట! మూడంటే 6000, పెద్దవాళ్లకి డాక్టర్ చెప్పకుండా 4000 దాటొద్దంటారు, ఎక్కువై పేరుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. షుగర్ తగ్గుతుందని ఆశపడి ఎంతమంది మూడేసి మింగుతున్నారో ఏమో. రెండు స్టార్లు పోయింది దీనికే.

రెండో డబ్బా వేరే కంపెనీది తెచ్చుకున్నా, అదే 50 మైక్రోగ్రాములు, షుగర్ అన్న మాటే లేదు దాని మీద. ఇవి అంటుకోవట్లేదు కూడా.