కోరంగి మడ అడవి: నీరు తగ్గిన పూట వెళ్ళండి

మా అమ్మ పుట్టిల్లు తాళ్ళరేవు దగ్గర. వేసవి సెలవులకు వెళ్తే అమ్మమ్మ పొయ్యిలో మడ కర్ర కాలుతూ ఉండేది. అది ఏ చెట్టు కర్రో నేనెప్పుడూ అడగలేదు. మొన్న కార్తీకంలో అమ్మనీ, తొమ్మిదేళ్ళ మా అబ్బాయినీ తీసుకుని ఉప్పునీటి బురదలో పెరిగే ఈ మడ చెట్ల కోసం కోరంగి అభయారణ్యానికి వెళ్ళాను. ఆ చెట్టును దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి.

కాకినాడ నుంచి యానాం రోడ్డులో చొల్లంగి దాటి వెళ్ళాలి, 20 కిలోమీటర్ల లోపే. టికెట్ పెద్ద ఖర్చేమీ కాదు. లోపలికి వెళ్తే మడ చెట్ల మధ్యనుంచి చెక్కలతో వేసిన నడకదారి ఉంటుంది. ఈ అడవికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆ దారి మీద గబగబా నడిచి, చివరిదాకా వెళ్ళి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. "ఏముందక్కడ, బురద తప్ప" అని మా బంధువులే అన్నారు. ఆ బురద కోసమే వెళ్ళాలని నేనంటాను.

మేం వెళ్ళేసరికి సముద్రపు పోటు తీసి, నీరు బాగా తగ్గి ఉంది. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ వేళ్ళు పైకి పొడుచుకుని ఉన్నాయి. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి తెల్ల మడ, నల్ల మడ వేళ్ళను ఇలా పైకి పంపి గాలి పీల్చుకుంటాయి. అమ్మ ఒక తెల్ల మడ ఆకును తెంపకుండానే వేలితో రుద్ది, "నాలుకకు ఆనించి చూడరా" అంది మనవడితో. వాడు చూసి "అమ్మమ్మా, ఉప్పు!" అని అరిచాడు. వేళ్ళు తాగిన ఉప్పును ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి తోసేస్తుంది. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకు ఒక మాట: కనిపించిన ఆకునల్లా ముట్టుకోనివ్వకండి. తిల్ల చెట్టు కూడా ఇక్కడ ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే కళ్ళు పోయేంత మంట. మాకు అమ్మ ఉంది కాబట్టి ఏ చెట్టు ఏదో తెలిసింది.

ఒకచోట కదలకుండా నిలబడ్డాం. మొదట ఏమీ కనిపించలేదు. ఐదు నిమిషాలకు ఒక బొరియలోంచి చిన్న పీత బయటికొచ్చింది. ఒక డెక్క మామూలుగా ఉంది, రెండోది దాని ఒంటికి మించినంత ఉంది. ఆ పెద్ద డెక్కను ఎవరినో పిలుస్తున్నట్టు ఎత్తి దించుతోంది. దాని పక్క బొరియలోంచి ఇంకొకటి వచ్చింది, చూస్తుండగానే బురదంతా పీతలే. నీళ్ళ అంచున బొటనవేలంత చేప ఒకటి నడినెత్తిన కళ్ళు పెట్టుకుని గెంతుతోంది. చేప నేల మీద గెంతడం మా వాడు నమ్మలేకపోయాడు.

అప్పుడే వెనక నుంచి పాటలు. కుర్రాళ్ళు ఆరుగురు చేతిలో స్పీకరు పెట్టుకుని దారి దద్దరిల్లేలా వస్తున్నారు. ఒక్క క్షణంలో పీతలన్నీ మాయం. నాకు కోపం వచ్చింది. అమ్మ మాత్రం "నాన్నా, కాసేపు అది ఆపి మాతో నిలబడండి, ఒకటి చూపిస్తాను" అంది. ఆపారు. మళ్ళీ పీతలు రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక ఒకబ్బాయి కటకటాల మీదికి వంగి చూస్తూ ఉండిపోయాడు, మిగతావాళ్ళు వెళ్ళిపోయినా కదల్లేదు.

అన్నిటికన్నా బాధపెట్టింది చిప్స్ ప్యాకెట్లు. ఈ అడవిలో పడేసింది అంత తేలిగ్గా బయటికి కొట్టుకుపోదు. పోటుకు లేస్తుంది, నీరు తీసేటప్పుడు వేళ్ళ మధ్య చిక్కుకుంటుంది. ఒక ప్యాకెట్ పది పన్నెండు వేళ్ళ మీద గొడుగులా పరుచుకుని ఉంది. దాని కింద ఆ వేళ్ళకు గాలి ఎలా అందుతుంది? మా వాడు దిగి తీస్తానన్నాడు, వద్దన్నాను. దిగితే ఒక్కో అడుగుకు ఎన్ని వేళ్ళు విరుగుతాయో. దారి మీద ఉన్నవీ, చేతికి అందినవీ మాత్రం ఏరి మా సంచిలో వేసుకున్నాం.

ఈ మడ ఈ ఊళ్ళకు ఏమిటో అమ్మకు తెలుసు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును ఊడ్చేసింది. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలు అని పిలిచింది ఈ రేవు పేరుతోనే. 1996 నవంబరు తుపాను అమ్మ కళ్ళారా చూసింది. మడ అడ్డం లేకపోతే ఆ రాత్రి ఊళ్ళోకి ఇంకెంత నీరు వచ్చేదో అంటుంది. అమ్మమ్మ పొయ్యిలో కాలింది ఈ చెట్టే అని నాకు చెప్పి, ఆ వేళ్ళను చూస్తూ అమ్మ కాసేపు మాట్లాడలేదు.

నీటిపిల్లి (చేపలు పట్టి తినే అడవి పిల్లి) కనిపిస్తుందన్న ఆశతో వెళ్ళకండి. అది రాత్రిపూట తిరిగే జంతువు, మాకూ కనిపించలేదు. కొంగలు, లకుముకి పిట్టలు మాత్రం కావలసినన్ని.

వెళ్ళేవాళ్ళు కాకినాడ ఆటుపోట్ల వేళలు ముందే చూసుకోండి. అవి రోజురోజుకూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి కాబట్టి నిన్న వెళ్ళినవాళ్ళు చెప్పిన టైము ఇవాళ పనికిరాదు. పీతలు, వేళ్ళు చూడాలంటే నీరు తగ్గిన పూట వెళ్ళాలి. దోమలు ఉంటాయి, నిండు చేతుల చొక్కా వేసుకోండి. కార్తీక మాసం ఆదివారాల్లో వనభోజనాల జనం ఎక్కువ, పుష్య మాసం చివర సముద్ర స్నానాలకు జనం వచ్చే చొల్లంగి అమావాస్య నాడైతే రోడ్డు మీదే ఆగిపోతారు. మేం మంగళవారం వెళ్ళాం. మామూలు రోజైతే 5కి 5 ఇస్తాను, ఆదివారమైతే 3.

తిండి మేం లోపల ముట్టుకోలేదు. అమ్మ స్టీలు డబ్బాలో పులిహోర, అడ్డాకు విస్తళ్ళు తెచ్చింది. బయటికి వచ్చాక చెట్టు కింద తిని, విస్తళ్ళు మడిచి, ఏరుకొచ్చిన ప్యాకెట్ల సంచితో పాటు కాకినాడ తెచ్చేశాం.