బేస్ బాక్స్‌కి ఎల్‌ఎం3886: రెండేళ్లు బ్రిడ్జి, నాలుగేళ్లు పారలల్

గుంటూరులో మా డాబా మీది గదిలో 12 అంగుళాల వూఫర్‌తో ఒక బేస్ బాక్స్ ఉంది. దానికి ఆరేళ్లుగా రెండేసి ఎల్‌ఎం3886 చిప్‌లతో (ఒక్క చిప్‌లోనే మొత్తం ఆడియో ఆంప్లిఫయర్ ఉంటుంది) నేనే చేసుకున్న ఆంప్లిఫయర్ వాడుతున్నాను. ఊళ్లోనే వైండింగ్ షాపులో చుట్టించిన 20-0-20, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద హీట్‌సింక్ మొదటి నుంచీ అవే. బోర్డు మాత్రం మార్చాను. మొదటి రెండేళ్లు బ్రిడ్జి, అంటే రెండు చిప్‌లూ స్పీకర్‌కి చెరో కొసన. ఆ తర్వాత ఇప్పటిదాకా పారలల్, అంటే రెండూ ఒకే కొసన చేరి కరెంటు పంచుకోవడం.

బ్రిడ్జి ఎందుకు చేశానంటే, అందరిలాగే నాకూ వాట్స్ మీద మోజు. ఒక చిప్ స్పీకర్‌ని ఒక వైపు తోస్తుంటే రెండోది రెండో వైపు లాగుతుంది. వోల్టేజి రెట్టింపు. చిన్న గదిలో తక్కువ సౌండ్‌తో విన్నంత కాలం చాలా బాగుంది, ఆ మాట చెప్పాల్సిందే. పవర్ సప్లయ్‌లో ఉండే హమ్ (గుయ్‌మనే చప్పుడు) రెండు చిప్‌ల అవుట్‌పుట్‌లోనూ ఒకేలా వస్తుంది కాబట్టి స్పీకర్ దగ్గరికొచ్చేసరికి చాలా వరకు కొట్టుకుపోతుంది. రాత్రి పూట చెవి ఆనించి విన్నా ఏమీ వినపడేది కాదు.

అసలు సంగతి మే నెలలో బయటపడింది. అక్క కూతురి ఓణీల ఫంక్షన్ డాబా మీదే పెట్టాం. షామియానా కింద మిట్టమధ్యాహ్నం, పాట ఊపందుకోగానే బేస్ దెబ్బ పడ్డప్పుడల్లా బాక్స్‌లోంచి పటపటమని చప్పుడు. కాసేపటికి పూర్తిగా ఆగింది. "వైరు లూజేమో చూడు బావా" అన్నాడు మా బావమరిది. వైరు చూద్దామని వంగి హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. నిమిషం తర్వాత దానంతటదే మళ్లీ మోగింది, మళ్లీ ఆగింది. ఆ సాయంత్రమంతా అదే టెన్షన్.

చిప్ పాడవలేదు. తనని తాను కాపాడుకుంటోంది, అంతే. లోపల వేడి 165 డిగ్రీలకి చేరితే ఎల్‌ఎం3886 ఆగిపోతుంది, 155 దగ్గరికి దిగితే మళ్లీ మొదలవుతుంది. ఆ పటపట కరెంటు పరిమితి దాటినప్పుడు వచ్చే చప్పుడు. తప్పు నాదే. బ్రిడ్జిలో ఒక్కో చిప్‌కి స్పీకర్ ఓమ్స్‌లో సగమే కనిపిస్తాయి. ఓమ్స్ (కరెంటుకి ఉండే అడ్డు) ఎంత తగ్గితే చిప్ అంత ఎక్కువ కరెంటు ఇవ్వాలి. నా వూఫర్ 4 ఓమ్స్, మల్టీమీటర్ పెడితే 3.4 చూపించింది. అంటే ఒక్కో చిప్ మోసేది 2 ఓమ్స్ కంటే తక్కువ. నా సప్లయ్ ప్లస్ మైనస్ 27 వోల్టులు. ఫుల్ సౌండ్‌లో పీక్ కరెంటు 14 ఆంపియర్ల దాకా కావాలి. డేటాషీట్ (చిప్ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) కచ్చితంగా ఇస్తానని చెప్పేది 7.

వేడి లెక్క ఇంకా దారుణం. 2 ఓమ్స్ మీద ఒక్కో చిప్ గరిష్ఠంగా 74 వాట్ల వేడిని వదలాలి. అదే స్పీకర్‌కి రెండు చిప్‌లూ పారలల్‌లో పెడితే ఒక్కోదానికి 8 ఓమ్స్ కనిపిస్తాయి, వేడి 18.5 వాట్లకి దిగుతుంది. నాలుగో వంతు. గుంటూరు ఎండల్లో ఈ తేడాయే అన్నిటికన్నా ముఖ్యం.

అయితే పారలల్‌లో ఓపిక కావాలి. రెండు చిప్‌లూ అచ్చం ఒకే వోల్టేజి ఇవ్వాలి, లేకపోతే స్పీకర్‌ని వదిలేసి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే ఒక్కో అవుట్‌పుట్‌కి 0.1 ఓమ్ రెసిస్టర్ వేసి, ఆ తర్వాతే కలపాలి. వోల్టేజి సమానంగా రావాలంటే గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలనేది) నిర్ణయించే రెసిస్టర్లు రెండు వైపులా ఒకేలా ఉండాలి. వాటికి నేను మొదట ప్యాకెట్‌లోంచి చేతికొచ్చిన 1 శాతం తేడా ఉండగల 20కె (20 వేల ఓమ్స్) లాంటి రెసిస్టర్లు వేసేశాను. కలపకముందు ఫోన్‌లోంచి 50 హెర్ట్జ్ టోన్ ఇచ్చి (మామూలు మల్టీమీటర్లు అంతకంటే బాగా పై ఫ్రీక్వెన్సీల్లో సరిగ్గా చూపించవు) అవుట్‌పుట్ 15 వోల్టులకి పెంచి, రెండు అవుట్‌పుట్‌ల మధ్య కొలిచాను. 180 మిల్లీవోల్టులు. అవుట్‌పుట్ రెసిస్టర్లు రెండూ కలిపి 0.2 ఓమ్ కాబట్టి, కలిపి ఉంటే 0.9 ఆంపియర్ ఊరికే ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కి పోతుందన్నమాట. ఒక ఆదివారం మా అమ్మాయి పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో రాస్తుంటే వంద గెయిన్ రెసిస్టర్లు ఒక్కొక్కటీ కొలిచి జతలు కట్టాను. విలువ కచ్చితంగా 20కె ఉండక్కర్లేదు, రెండు వైపులా ఒకటే ఉంటే చాలు. మళ్లీ కొలిస్తే 8 మిల్లీవోల్టులు. అప్పుడు కలిపాను. ఈ పని ఎగ్గొట్టేవాళ్లు దయచేసి పారలల్ జోలికి వెళ్లకండి.

చిప్‌ల విషయంలోనూ జాగ్రత్త. నేను కొన్న మొదటి జతని దూదితో, థిన్నర్‌తో తుడిస్తే పైన అక్షరాలు చెరిగిపోయి కింద ఇంకో నంబరు కనిపించింది. సగం ధరకి వస్తుంటే అనుమానించాల్సింది.

పారలల్ చేస్తే వాట్స్ రెట్టింపు అవుతాయనుకుంటే నిరాశపడతారు. నా సప్లయ్‌తో 60 వాట్ల దగ్గరే ఆగింది, ఒక్క చిప్ కూడా కాగితం మీద దాదాపు అంతే ఇస్తుంది. కానీ ఆ 60 వాట్లు గంటల తరబడి నిలకడగా వస్తాయి. నాలుగు వేసవులు గడిచాయి, మేలో కూడా హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టి ఉంచగలుగుతున్నాను. ఫ్యాన్ లేదు. రాత్రిళ్లు కరెంటు 250 వోల్టులకి పెరిగినప్పుడు కూడా ఒక్కసారీ ఆగలేదు.

ఆ బ్రిడ్జి బోర్డు పారేయలేదు. విజయవాడలో మా బావమరిది దగ్గర 8 ఓమ్స్ బాక్స్ ఉంటే దానికి పెట్టాను. అక్కడ ఒక్కో చిప్‌కి 4 ఓమ్స్ కనిపిస్తాయి, హాయిగా పనిచేస్తోంది, మా పారలల్ కంటే గట్టిగా కూడా మోగుతుంది. బ్రిడ్జిలో స్పీకర్ నల్ల వైరు కూడా గ్రౌండ్ కాదు. దాన్ని ఎక్కడైనా గ్రౌండ్‌కి తగిలిస్తే ఒక చిప్ అవుట్‌పుట్ షార్ట్ అయినట్టే. అందుకే బాక్స్ వెనక టెర్మినల్ పక్కనే ఎర్ర మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసి మరీ ఇచ్చాను.