కాల్ ఫార్వర్డింగ్: ఏళ్ల తరబడి వాడాక, డబ్బులు ఎవరికి పడతాయో చెబుతా

మాది తెనాలిలో మోటారు వైండింగ్ షాపు. బోర్డు మీదా బిల్లు పుస్తకాల మీదా ఉన్నది ల్యాండ్‌లైన్ నంబరే, చుట్టుపక్కల ఊళ్ల రైతుల దగ్గరున్నదీ అదే, అందుకని షట్టరు దించాక వచ్చే ఫోన్లు సెల్లుకి మళ్లించుకోవడం ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు పాత సెల్ నంబరు కూడా కొత్తదానికి మళ్లించే ఉంచాను.

ఫోన్ చేసినవాళ్లకే మొత్తం పడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. అక్కడ జరిగేవి రెండు కాల్స్. రైతు షాపు నంబరుకి చేసినదాని ఛార్జీ రైతుది. షాపు నంబరు నుంచి నా సెల్లుకి వచ్చేది షాపు లైను చేసిన అవుట్‌గోయింగ్ కింద లెక్క, అది నేనే కట్టుకోవాలి. ల్యాండ్‌లైన్‌కి యూనిట్లు లెక్కేసే రోజుల్లో ఇది బాగా తెలిసొచ్చేది, మోటార్లు కాలే ఎండాకాలంలో మేం ఒక్క నంబరు నొక్కకపోయినా బిల్లు పెరిగేది.

అన్‌లిమిటెడ్ ప్యాకులు వచ్చాక దేశం లోపల మళ్లింపుకి నాకు విడిగా పైసా పడలేదు. మధ్యలో 2019 అక్టోబరులో జియో వేరే నెట్‌వర్క్ కాల్స్‌కి నిమిషానికి 6 పైసలు తీసుకోవడం మొదలుపెట్టింది గుర్తుందా, ఆ ఐయూసీ (మన కాల్ వేరే కంపెనీ నెట్‌వర్క్‌కి పోతే ఆ కంపెనీకి కట్టే రుసుము) 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది. అయితే నా పాత సిమ్ముకి ప్యాకు గడువు అయిపోయినప్పుడల్లా అవుట్‌గోయింగ్‌తో పాటు మళ్లింపూ ఆగిపోయింది. అంటే ఫోన్లు మళ్లించుకోవడానికి మాత్రమే ఒక సిమ్ముని రీఛార్జ్ చేస్తూ పోషించాలి. నిజమైన ఖర్చు నాకు ఇదే.

అసలు దెబ్బ తగిలేది విదేశాల్లో. మా బావమరిది సింగపూర్ వెళ్తూ, ఫోన్ ఎత్తకపోతే షాపుకి వెళ్లేలా పెట్టుకుని రోమింగ్ ఆన్ చేసుకున్నాడు. అలా పెడితే కాల్ ముందు సింగపూర్ దాకా పోతుంది, అక్కడ రింగై రింగై ఎవరూ ఎత్తకపోతే మళ్లీ అక్కడినుంచి తెనాలికి వస్తుంది. పోయినందుకు రోమింగ్ ఇన్‌కమింగ్, వచ్చినందుకు అంతర్జాతీయ అవుట్‌గోయింగ్, రెండూ ఆయన పోస్ట్‌పెయిడ్ బిల్లులోనే. ఫోన్ ఎత్తి మాట్లాడింది మేము, పక్కవీధి నుంచి చేసినవాళ్లతో! కస్టమర్ కేర్‌కి చేస్తే 'మీరే పెట్టుకున్నారు కదా సార్' అన్నారు, ఆ ముక్క ముందు చెప్పేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అదే బయల్దేరేముందు 'అన్ని కాల్స్' అనే ఆప్షన్‌తో మళ్లించేస్తే కాల్ దేశం దాటదు, ఇక్కడి ఎక్స్ఛేంజ్ నుంచే తిరుగుతుంది. కాకపోతే అక్కడి ఫోన్ మోగదు, మనకి కావాల్సిందీ అదే.

ఎత్తకపోతే మళ్లించే పద్ధతి ఇక్కడ వాడితే మాత్రం హాయి. ఎన్ని సెకన్లు మోగాలో 5 నుంచి 30 దాకా మనమే పెట్టుకోవచ్చు, నేను 20 పెట్టాను. 10 పెడితే జేబులోంచి ఫోన్ తీసేలోపు అవతలి నంబరుకి పోతుంది.

ఎస్ఎంఎస్‌లు మళ్లవు, వాట్సాప్ కాల్సూ మళ్లవు. పాత నంబరుకి బ్యాంకు ఓటీపీ వస్తే ఆ సిమ్మున్న ఫోన్ దగ్గరుండాల్సిందే. కానీ ఓటీపీని ఫోన్ చేసి చెప్పే పద్ధతి ఉంది చూశారా, అది కాల్ కాబట్టి మళ్లుతుంది, మోసగాళ్లు పట్టుకున్నది దాన్నే. 'మీ సిమ్ములో సమస్య ఉంది, స్టార్ 401 కొట్టి ఈ నంబరు వేయండి' అంటారు, వేస్తే మన కాల్సన్నీ వాళ్లకి పోతాయి. ఇలా స్టార్, హ్యాష్‌లతో కొట్టే కోడ్లతో (యూఎస్ఎస్డీ అంటారు) పెట్టే ఫార్వర్డింగ్ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికాం శాఖ కంపెనీలకి చెప్పింది ఇందుకే. నేను ఫోన్ సెట్టింగ్స్‌లోంచే పెట్టుకుంటున్నాను. అనుమానం వస్తే *#21# కొట్టి చూడండి, మొత్తం తీసేయాలంటే ##002#.

కాల్ ఫార్వర్డింగ్‌కి నేనిచ్చేది ఐదుకి నాలుగు స్టార్లు. ఒక స్టారు తగ్గించింది బిల్లు వల్ల: మా పోస్ట్‌పెయిడ్ బిల్లులో మళ్లిన కాల్స్ మామూలు అవుట్‌గోయింగ్‌లో కలిపేసి ఇస్తారు, వాటిలో మేం చేసినవేవో మళ్లినవేవో నెలాఖరున మేమే కూర్చుని ఏరుకోవాలి.