డిలన్ వదిలేసిన టేకులు: బూట్‌లెగ్ పెట్టెలు ఏళ్ల తరబడి విన్నాక

ముందే చెప్పేస్తాను: పెద్ద సీడీల పెట్టె కొనకండి. ఒక పాట ఎంచుకొని, ఆ పాట ఎలా తయారైందో మొదటినుంచీ వినిపించే పెట్టె ఏదో చూసుకొని, అది కొనుక్కోండి. అమెరికా గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ బూట్‌లెగ్ సిరీస్ గురించి నన్ను అడిగేవారు మా ఒంగోలులో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లకు ఏళ్లుగా నేను ఇస్తున్న సలహా ఇదే.

తెలియనివారి కోసం కొంచెం వివరం. డిలన్ స్టూడియోలో పాడి ఆల్బమ్‌లో చేర్చకుండా వదిలేసిన పాటలనూ, ప్రసిద్ధమైన పాటల తొలి రూపాలనూ కొలంబియా కంపెనీ 1991 నుంచి సంపుటాలుగా విడుదల చేస్తోంది. 2025లో 18వ సంపుటం వచ్చింది. వాటిలో కొన్ని కచేరీల రికార్డింగులు. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు. బూట్‌లెగ్ అంటే దొంగచాటుగా అచ్చువేసి అమ్మే రికార్డు. 1967లో డిలన్ న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ దగ్గర ఒక ఇంటి నేలమాళిగలో తోటి వాద్యకారులతో కలిసి పాడుకున్న పాటల టేపులు చేతులు మారాయి. 1969లో ఎవరో వాటిలో కొన్నిటిని ఇతర పాత పాటలతో కలిపి, తెల్ల అట్టలో పెట్టి అమ్మారు. ‘గ్రేట్ వైట్ వండర్’ పేరుతో అది అభిమానుల్లో పెద్ద సంచలనమైంది. ఆ దొంగ సరుకు పేరునే కంపెనీ చివరికి తన సిరీస్‌కు పెట్టుకుంది. ఆ నేలమాళిగ పాటలు మొత్తం 138 ట్రాకులుగా 2014లో 11వ సంపుటంలో వచ్చాయి. అసలు అభిమానులు ఇంతగా వెంటపడకపోతే ఈ సిరీసే ఉండేది కాదని నా నమ్మకం.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. రోజూ ఒంగోలు నుంచి బస్సులో వెళ్లి వస్తాను. ఈ పాటల్లో ఎక్కువ భాగం రాళ్ల లారీల మోత మధ్య, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని విన్నవే. సమీక్ష రాసేటప్పుడు ఇది చెప్పడం అవసరం, ఎందుకంటే బ్యాండుతో పాడిన టేకులు (పాటను రికార్డు చేసిన ఒక్కో ప్రయత్నం ఒక టేకు) ఆ మోతకు తట్టుకుంటాయి, ఒక్క గిటారుతో పాడినవి తట్టుకోవు. ఈ పిచ్చి నాకు అంటించింది నెల్లూరులో ఉండే మా బావ. మూడో మనిషి మా వీధిలోని మృదంగం మాస్టారు. ఆయన ఇంగ్లీషు పాటల మాటలు పట్టించుకోరు, నడక ఒక్కటే వింటారు. మా ముగ్గురిలో పనికొచ్చే మాటలు ఆయనవే.

అన్నిటికంటే ఎక్కువగా విన్నది 12వ సంపుటం, ‘ద కటింగ్ ఎడ్జ్’. 2015లో వచ్చింది. 1965 జనవరి నుంచి 1966 మార్చి వరకు, అంటే ఏడాదీ చిల్లరలో, డిలన్ మూడు ఆల్బమ్‌లు రికార్డు చేశాడు. ఈ సంపుటం ఆ కాలానిది. ఇది రెండు సీడీలుగా, ఆరు సీడీలుగా, 18 సీడీలుగా మూడు కూర్పుల్లో వచ్చింది. నా దగ్గర ఉన్నది ఆరు సీడీల పెట్టె. అందులో మూడో సీడీ మొత్తం ఒకే ఒక్క పాట: ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’. మొదటిసారి చూసినప్పుడు ఇదేమి చాదస్తం అనిపిస్తుంది. ఒకే పాటను సీడీ పొడవునా ఎవరు వింటారు? ఇప్పుడు ఆ పెట్టెలో నేను మళ్లీ మళ్లీ తీసేది ఆ సీడీ ఒక్కటే.

1965 జూన్ 15న న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోలో ఈ పాట మొదలైంది. ఆ రోజు డిలన్ పియానో దగ్గర కూర్చున్నాడు. పాట మూడు దెబ్బల నడకలో, ఊయల ఊగినట్టు సాగుతుంది. మాటల్లో కోపం ఉంది, నడకలో లేదు. ఐదు టేకులు తీశారు, ఏదీ కుదరలేదు. మరుసటి రోజు నడక నాలుగు దెబ్బలకు మారింది. అల్ కూపర్ అనే కుర్రవాడు గిటారు వాయిద్దామని ఆశపడి వచ్చాడు. తనకంటే మంచి గిటారిస్టు అక్కడ ఉండటం చూసి, ఖాళీగా ఉన్న ఆర్గాన్ అనే మీటల వాద్యం ముందు కూర్చున్నాడు. ఆ రోజు నాలుగో టేకే లోకమంతా విన్న పాట.

ఈ రెండు రోజులూ వరసగా వినిపించినప్పుడు మాస్టారు ఒక్క మాట అన్నారు: “రూపక తాళంలో ఉన్నదాన్ని ఆది తాళంలోకి తెచ్చాడు. అంతకుముందు పాట జాలిపడుతోంది, ఇప్పుడు నిలదీస్తోంది.” నేను ఎన్నో వ్యాసాలు చదివాను గానీ ఇంత తేలికగా ఎవరూ చెప్పలేదు.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, నాలుగో టేకు అంత అద్భుతంగా వచ్చాక కూడా వాళ్లు ఆగలేదు. మరో 11 సార్లు ప్రయత్నించారు. వాటిలో చాలా టేకులు మధ్యలోనే కూలిపోతాయి. ఒకరు తాళం తప్పుతారు, మరొకరు ముందే అందుకుంటారు. దొరికింది దొరికిందని ఆ గదిలో ఎవరికీ తెలియదు! ఆ తర్వాతి టేకులు వింటుంటే “ఇక చాలు, అయిపోయింది, ఇళ్లకు వెళ్లండి” అని అరవాలనిపిస్తుంది. సీడీ చివర్లో నాలుగో టేకును గిటారు వేరుగా, గొంతు వేరుగా, డ్రమ్ములూ ఆర్గానూ వేరుగా వినిపించారు. ఆర్గాన్ స్వరాలు ఒక్క క్షణం వెనకగా వస్తున్నాయని అక్కడే స్పష్టంగా తెలిసింది. పాట తెలియక, మిగతావారు ఎటు వెళుతున్నారో విని వెంట నడుస్తున్నాడు కూపర్. ఆరు నిమిషాల పాటకు ఆ అందం అలా వచ్చింది.

అదే పెట్టెలో ‘విజన్స్ ఆఫ్ జొహానా’ పాట మరో రకం. 1965 నవంబరులో న్యూయార్క్‌లో దాన్ని రాక్ బ్యాండుతో వేగంగా, దూకుడుగా పాడాడు. 1966 ఫిబ్రవరిలో నాష్‌విల్‌లో నెమ్మదిగా పాడినది ఆల్బమ్‌లోకి వెళ్లింది. వేగంగా పాడినదే గొప్పదని అభిమానుల్లో ఒక వర్గం గట్టిగా వాదిస్తుంది. చీమకుర్తి బస్సులో నేనూ ఆ వర్గమే. ఇంట్లో రాత్రి విన్నప్పుడు మాత్రం ఆల్బమ్ టేకే నిలుస్తుంది. ‘షీ ఈజ్ యువర్ లవర్ నౌ’ అనే పాట ఇంకో దురదృష్టవంతురాలు. 1966 జనవరిలో బ్యాండుతో పాడుతూ చివరి చరణంలో డిలన్ తడబడి ఆపేశాడు. ఆగిపోయిన ఆ టేకే 1991లో బయటికి వచ్చింది. పియానో ఒక్కటే పెట్టుకొని చివరి వరకు పాడిన టేకు ఈ పెట్టెలో ఉంది. పూర్తి పాట దొరికిందని సంతోషించాం గానీ, నిజం చెప్పాలంటే ఆగిపోయినదే బాగుంది.

2018లో వచ్చిన 14వ సంపుటం, ‘మోర్ బ్లడ్, మోర్ ట్రాక్స్’, రాత్రిపూట వినే సరుకు. ‘బ్లడ్ ఆన్ ద ట్రాక్స్’ ఆల్బమ్ కోసం 1974 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కొద్ది రోజుల్లో పాడిన పాటలన్నీ వరస తప్పకుండా ఆరు సీడీల్లో పెట్టారు. చాలావరకు గిటారు, గొంతు, హార్మోనికా, అప్పుడప్పుడు ఒక బేస్ గిటారు. చొక్కా గుండీలు గిటారు చెక్కకు తగిలి టకటకమనడం కూడా వినబడుతుంది. మొదట్లో నా ఇయర్‌ఫోన్లు పాడయ్యాయేమో అనుకొని వేరే జత పెట్టి చూశాను. అప్పట్లో ఆల్బమ్ కోసం టేపుల వేగం కాస్త పెంచారు. ఈ సంపుటంలో అసలు వేగానికి తెచ్చారు కాబట్టి గొంతు కొంచెం బరువుగా, మనకు దగ్గరగా ఉంటుంది. డిసెంబరులో మిన్నియాపోలిస్‌లో ఐదు పాటలను డిలన్ మళ్లీ రికార్డు చేశాడు. అక్కడి విడి టేకులు మిగల్లేదు, ఆల్బమ్‌లోకి వెళ్లిన ఐదే ఉన్నాయి. ఆ లోటు ఎప్పటికీ తీరదు.

ఈ పెట్టెతో పాటు డిలన్ చేతిరాత నోటుపుస్తకం నకలు ఇచ్చారు, 57 పేజీలది. కొట్టివేతలు, పక్కన కుక్కిన పంక్తులు, మళ్లీ కొట్టివేతలు. పాటలు రాసే అలవాటున్న వారికి సీడీల కంటే ఇదే విలువైనదని చెప్పగలను. ‘టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ’ పాట న్యూయార్క్ టేకులో ‘అతడు’ అని మొదలవుతుంది, ఆల్బమ్‌లో అదే చోట ‘నేను’ అని ఉంటుంది. ఎవరి కథనో దూరం నుంచి చెబుతున్నట్టున్న పాట ఆ ఒక్క మార్పుతో సొంత గాయమైపోయింది. అయితే హెచ్చరిక కూడా చెప్పాలి. ఆరు సీడీలూ వరసగా వింటే విసుగు ఖాయం. ఒకే పాట నాలుగైదుసార్లు, దాదాపు ఒకే గొంతుతో, చిన్న తేడాలతో వస్తుంది. ఇదే సంపుటం ఒక్క సీడీ కూర్పులో కూడా ఉంది. ఎంపిక చాలా తెలివిగా చేశారు. కొత్తవారికి అది చాలు.

ధరల దగ్గరికి వస్తే నా స్వరం మారుతుంది. 2008లో 8వ సంపుటం రెండు సీడీలుగా మామూలు ధరకు, మూడు సీడీలుగా విపరీతమైన ధరకు వచ్చింది. ఆ మూడో సీడీ కోసం అంత సొమ్ము కట్టించడం అభిమానుల ప్రేమను పిండుకోవడమే. అప్పట్లో అందరూ మండిపడ్డారు, మండిపడుతూనే కొన్నారు. ‘కటింగ్ ఎడ్జ్’ 18 సీడీల కూర్పును 5,000 కాపీలకే పరిమితం చేశారు. యూరప్ చట్టం సంగతి మరీ విచిత్రం. రికార్డింగుల మీద హక్కును 50 ఏళ్ల నుంచి 70 ఏళ్లకు పెంచారు గానీ, 50 ఏళ్లలోపు విడుదల చేయని టేపుకు ఆ పొడిగింపు దక్కదు. అందుకని 2012 చివర్లో 1962 నాటి టేపులను సుమారు 100 కాపీలు మాత్రం అక్కడ విడుదల చేసి చేతులు దులుపుకున్నారు. అభిమానుల కోసం కాదు, కాగితం కోసం వేసిన రికార్డు అది. నా పెట్టెలు అమెరికా నుంచి బంధువుల సూట్‌కేసుల్లో వచ్చినవే. ఒక్కటి మాత్రం కొరియర్‌లో తెప్పిస్తే మూల నలిగి వచ్చింది, దిగుమతి సుంకం అదనం.

మా బావతో తగువు ఎప్పుడూ ‘బ్లైండ్ విల్లీ మెక్‌టెల్’ దగ్గరే. 1983లో పాడి, ఆ ఏటి ఆల్బమ్‌లో చేర్చకుండా పక్కన పెట్టిన పాట. పియానో మీద డిలన్, గిటారు మీద మార్క్ నాఫ్లర్. 1991లో బయటికి వచ్చాక అది డిలన్ గొప్ప పాటల్లో ఒకటని లోకం ఒప్పుకుంది.

“తన పాట విలువ తనకే తెలియనివాడు ఆయన. టేకులు ఎంచే పని మనకు ఇచ్చి ఉంటే బాగుండేది” అంటాడు బావ.

“బావా, నువ్వు ఎంచితే ఒక్క ఆల్బమ్ కూడా బయటికి వచ్చేది కాదు. ఇంకో టేకు చూద్దాం అంటూ కూర్చునేవాడివి.”

“నీకు అసలు చెవులున్నాయా?”

ఇక్కడే అభిమానులతో నాకు పేచీ. పక్కన పెట్టిన ప్రతి టేకూ అసలు దానికంటే గొప్పదని వాదించడం ఒక జబ్బు. ఇన్నేళ్లు విన్నాక నా లెక్క వేరు: టేకు ఎంచడంలో డిలన్ ఎక్కువసార్లు సరిగానే ఉన్నాడు, ఏ పాట ఉంచాలి ఏది తీసేయాలి అన్నదగ్గరే పొరపడ్డాడు. ‘బ్లైండ్ విల్లీ మెక్‌టెల్’ రెండో రకం తప్పు, ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ మొదటి రకం ఒప్పు. ఈ తేడా గుర్తుపెట్టుకొని వింటే పెట్టెలు విసుగు పుట్టించవు.

బావకు నా మీద మరో ఫిర్యాదు ఉంది. నెల్లూరు గడ్డ మీద పుట్టిన ఆత్రేయ గురించి ఇంత శ్రద్ధగా ఎప్పుడూ మాట్లాడలేదట. రాసి ప్రేక్షకులనూ, రాయక నిర్మాతలనూ ఏడిపించాడని పేరున్న మనిషి. ఆయన కొట్టేసిన పల్లవులు ఒక పుస్తకంగా ఉంటే నేనే ముందు కొంటాను. మన సినిమా పాటలో గాయకులు, వాద్యకారులు అందరూ ఒకేసారి పాడి వాయించిన రోజుల్లో, ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటికి వచ్చేవారు. ఆ చెడిన టేకుల్లో ఎన్ని మంచి సంగతులు పోయాయో ఊహించుకోవలసిందే. టేపు ఖరీదైన వస్తువు, పని అయిపోయిన టేపును ఏళ్ల తరబడి దాచడానికి డబ్బూ చోటూ కావాలి. డిలన్ అదృష్టం ఆయన ప్రతిభలోనే కాదు, టేపులు చెరపకుండా బీరువాల్లో పెట్టిన కంపెనీ గుమస్తాల్లో కూడా ఉంది. గుమస్తాను కాబట్టి అలా అంటున్నానేమో!

ఏది కొనాలో చెప్పి ముగిస్తాను. మొదటిసారి వినేవారు 1991 నాటి మొదటి మూడు సంపుటాల పెట్టె తీసుకోండి. ఒకే పెట్టెలో మూడూ వస్తాయి, దాదాపు 30 ఏళ్ల పాటలు ఉన్నాయి, ఒక్కటీ వృథా కాదు. పాట ఎలా తయారవుతుందో తెలుసుకోవాలనుకుంటే ఆరు సీడీల ‘కటింగ్ ఎడ్జ్’. 10వ సంపుటం ‘అనదర్ సెల్ఫ్ పోర్ట్రెయిట్’ కూడా వదలకండి. 1970లో విమర్శకులు చీల్చి చెండాడిన ఆల్బమ్ పాటలే, తర్వాత అతికించిన వాద్యాల హంగు తీసేసరికి ఎంత హాయిగా ఉన్నాయో! ఫోనులో వినేవారు డబ్బు కట్టేముందు అక్కడ ఉన్నది పూర్తి కూర్పా, ఎంపిక చేసిన కూర్పా చూసుకోండి, రెండిటికీ పేరు ఒకటే ఉంటుంది. సీడీలు కొనేవారు ముందు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి, కొత్త కంప్యూటర్లలో డిస్కు పెట్టే చోటే ఉండటం లేదు. పుస్తకాలను మాత్రం చెక్క బీరువాలో పెట్టకండి. మా ఇంట్లో చెదలు 57 పేజీల నోటుపుస్తకం వరకూ వచ్చి, పక్కనే ఉన్న పాత పన్ను రసీదులతో సరిపెట్టుకున్నాయి.