ఓక్రకోక్ దీవి: బ్లాక్‌బియర్డ్ చివరి మకాం

మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. మా వాడికి ఓడ దొంగల కథలంటే పిచ్చి. వాడి కోసమే, ఓడ దొంగ బ్లాక్‌బియర్డ్ చనిపోయిన ఓక్రకోక్ దీవికి ఈ రెండు రోజుల ట్రిప్.

మొదట బోఫోర్ట్‌లోని మారిటైమ్ మ్యూజియంకి వెళ్లాం. టికెట్ లేదు కదా అని గంటలో ముగించకండి, కనీసం మూడు గంటలు ఉంచుకోండి. బ్లాక్‌బియర్డ్ ఓడ 'క్వీన్ ఆన్స్ రివెంజ్' 1718లో ఈ ఊరి దగ్గరే ఇసుకమేటకు తగిలి ఆగిపోయింది. శిథిలాలు 1996లో దొరికాయి. ఫిరంగుల కంటే నన్ను ఎక్కువ ఆపింది ఆ ఓడలో దొరికిన వైద్యుడి సామాను. 1718లోనే బ్లాక్‌బియర్డ్ సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ రేవును దిగ్బంధించి, జనాన్ని బందీలుగా పట్టుకుని అడిగింది ఒక మందుల పెట్టె!

సీడర్ ఐలాండ్ నుంచి ఓక్రకోక్‌కి ఫెర్రీలో రెండు గంటల పైనే పడుతుంది. వేసవిలో కారుకి ముందే రిజర్వ్ చేసుకోవాలి. దారిలో డెక్ మీదే నిలబడండి. ఒడ్డుకి ఎంతో దూరంలో కూడా పక్షులు నీళ్లలో నిలబడి కనిపించాయి, లోతు అంత తక్కువ. పెద్ద యుద్ధనౌకలు ఇటు రాలేవు. అందుకే వర్జీనియా గవర్నర్ స్పాట్స్‌వుడ్ పంపిన నౌకాదళ లెఫ్టినెంట్ మేనార్డ్, ఫిరంగులు లేని రెండు చిన్న ఓడలతో వచ్చి 1718 నవంబర్ 22న బ్లాక్‌బియర్డ్‌ను చంపాడు.

అయితే అప్పటిదాకా బ్లాక్‌బియర్డ్‌ను కాపాడింది ఒక్క ఇసుకమేటలే కాదు. నార్త్ కరోలినా అప్పుడు పేద కాలనీ, మంచి రేవు లేదు. దొంగ సరుకు చాలామందికి కలిసొచ్చింది. అతనికి క్షమాభిక్ష ఇచ్చింది ఆ కాలనీ గవర్నర్ ఈడెన్. ఆయన కార్యదర్శి టోబియస్ నైట్ కొట్టంలో బ్లాక్‌బియర్డ్ దోచిన చక్కెర పీపాలు బయటపడ్డాయి. విచారణలో నైట్ తప్పించుకున్నాడు. ఈ భాగం మా వాడికి చెప్పడమే కష్టమైంది.

పోరు జరిగిన నీళ్లు స్ప్రింగర్స్ పాయింట్ ఎదురుగా ఉన్నాయి. అక్కడ పార్కింగ్ లేదు, సైకిల్ మీదో నడిచో వెళ్లాలి. దోమల మందు మర్చిపోవద్దు. పుర్రె బొమ్మల దుకాణాలకు పెట్టే టైం ఇక్కడ పెట్టండి.

మా గది అద్దెకి తగ్గట్టు లేదు, ఏసీ రాత్రంతా మోగింది. అయినా ఒక రాత్రి ఉండండి, పగటి జనం వెళ్లిపోయాక ఊరు ఎంతో ప్రశాంతం. శాకాహారం దొరకడం కష్టం, మాకు ఇంటి పులిహోరే ఆధారమైంది. తిరుగు ప్రయాణానికి హేటరస్ ఫెర్రీ ఉచితం, కానీ రిజర్వేషన్ ఉండదు. పొద్దున్నే లైన్లో ఉండండి.